చైన్ సా కోయడం లేదా, బార్‌కి ఆయిల్ అందడం లేదా: లోపం ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

ఒత్తితే తప్ప రంపం దిగదు. కోసిన చోట పొగ లేస్తుంది, చెక్క నల్లగా మాడుతుంది, చైను చుట్టి తిరిగే ఇనుప పలక, అంటే బార్, ముట్టుకుంటే చురుక్కుమంటుంది. ఇలా అయినప్పుడు చాలామంది ముందు కార్బురేటర్ స్క్రూల మీద చెయ్యి వేస్తారు. చాలాసార్లు ఇంజిన్‌కి ఏ పాపమూ తెలియదు. లోపం చైను పదునులోనో, బార్ గాడిలోనో, ఆయిల్ వచ్చే దారిలోనో ఉంటుంది. పైగా ఈ మూడూ ఒకదాన్నొకటి చెడగొడతాయి. ఆయిల్ అందని చైను వేడెక్కి సాగుతుంది. మొద్దుబారిన చైనును ఒత్తి కోస్తే బార్ అంచులు అరుగుతాయి. మొద్దు పళ్ళు రాల్చే మెత్తటి పొడి గాడిలో ఆయిల్‌తో కలిసి గట్టిపడి దారి మూసేస్తుంది. అందుకే దొరికిందల్లా విప్పకుండా ఒక వరుసలో చూసుకుంటూ రావాలి.

మన ఊళ్ళలో ఎక్కువగా తిరిగేవి 52, 58 సీసీ పెట్రోల్ మిషన్లు, 18 నుంచి 22 అంగుళాల బార్‌లు. కింద చెప్పినవి ముఖ్యంగా వాటి గురించే. స్టిల్, హస్క్‌వర్నా లాంటి కంపెనీ మిషన్లకూ పద్ధతి ఇదే. కొలత మారే చోట విడిగా చెప్పాం.

చైను మీద చెయ్యి వేసే ముందు స్విచ్ ఆపి, స్పార్క్ ప్లగ్ క్యాప్ పీకి పక్కన పెట్టండి. తోలు గ్లౌజులు వేసుకోండి. ఆగి ఉన్న చైను కూడా వేళ్ళు కోస్తుంది.

ముందు పొట్టు చూడండి

రంపం కింద పడిన పొట్టును గుప్పెట్లోకి తీసుకుంటే సగం సంగతి తెలిసిపోతుంది. మానుకి అడ్డంగా కోసినప్పుడు చిన్న చిన్న తునకలు రావాలి. పిండిలాంటి పొడి వస్తోందంటే పళ్ళు కోయడం లేదు, గీకుతున్నాయి. పదునైనా పోయి ఉండాలి, లేదా పన్ను ముందుండే డెప్త్ గేజ్ ఎత్తు ఎక్కువై ఉండాలి. తునకలు బాగానే వస్తున్నా ఇంజిన్ పడిపోతుంటే అప్పుడు ఇంజిన్ వైపు చూడొచ్చు. ఎండు సర్కారు తుమ్మలో, పాత వేపలో పదునున్న చైను కూడా కాస్త సన్నటి పొట్టే ఇస్తుంది. కాబట్టి పచ్చి మామిడి కొమ్మో, సుబాబుల్ దుంగో కోసి చూసి తీర్పు చెప్పండి.

కొత్తగా మిషన్ కొన్నవాళ్ళయితే ఇంకోటి చూడాలి. చైను తిరగబడి ఉందేమో. బార్ పై అంచు మీద ఉన్న పళ్ళ కోత అంచు బార్ కొన వైపుకి చూడాలి. తిరగేసి ఎక్కించిన చైను ఎంత పదునున్నా చెక్కను మాడ్చడమే తప్ప కోయదు. షాపు నుంచి బిగించి తెచ్చిన మిషన్లలోనూ ఈ పొరపాటు కనిపిస్తుంది.

బిగువు

సైడ్ కవర్ నట్లు రెండూ కొంచెం వదులు చేసి, బార్ కొనను చేత్తో పైకి ఎత్తి పట్టుకుని, టెన్షన్ స్క్రూ తిప్పండి. బార్ కింది అంచుకి చైను అతుక్కుని ఉండాలి. చైన్ బ్రేక్ తీసి చేత్తో లాగితే ఇబ్బంది లేకుండా జారాలి. కొనను ఎత్తి పట్టుకునే నట్లు బిగించండి. వదిలేసి బిగిస్తే బార్ కిందికి వాలి, కోత మొదలెట్టిన రెండు నిమిషాలకే చైను మళ్ళీ వేలాడుతుంది.

పని మధ్యలో చైను వేడెక్కి సాగితే కొంచెం బిగించుకోవచ్చు. కానీ పని అయ్యాక మళ్ళీ వదులు చేసి పెట్టాలి. చల్లారిన చైను కుంచించుకుని బార్‌ని, క్రాంక్‌షాఫ్ట్ బేరింగులని గుంజుతుంది.

పదును పెట్టడం

ఒక పన్నును దగ్గరగా చూడండి. పైన పడుకున్నట్టుండే రేకు, పక్కన నిలబడ్డ రేకు కలిసే చోట ఒక మూల ఉంటుంది. కోత మొదలయ్యేది ఆ మూలలోనే. పన్నును ఎండకి పట్టి తిప్పి చూస్తే పదునున్న అంచు కంటికి కనిపించదు. మొద్దుబారిన అంచు మీద వెలుతురు నిలిచి సన్నని తెల్లగీతలా మెరుస్తుంది. ఆ గీత పోయేదాకా ఆకురాయి పట్టాలి. రాయికో, మేకుకో తగిలిన పన్ను అయితే మూలే ఎగిరిపోయి ఉంటుంది. పై రేకు మీదున్న క్రోమ్ పూత దెబ్బతిన్నంత మేరా వెనక్కి అరగదీయాల్సిందే. పైపైన రెండు లాగులు లాగితే చూడ్డానికి మెరుస్తుంది, కోతకి మాత్రం పనికిరాదు.

గుండ్రటి ఆకురాయి సైజు చైను పిచ్‌ని, అంటే అంగుళాల్లో చెప్పే లింకుల ఎడాన్ని, బట్టి ఉంటుంది. 52, 58 సీసీ మిషన్లకి ఎక్కువగా వచ్చే .325 పిచ్ చైనుకి 4.8 మి.మీ. చిన్న మిషన్లలో వాడే, ఎత్తు తక్కువుండే 3/8 'లో-ప్రొఫైల్' చైనుకి 4 మి.మీ. పెద్ద మిషన్ల 3/8 చైనుకి కంపెనీని బట్టి 5.2 లేదా 5.5 మి.మీ. సైజు తప్పితే ఎంత ఓపిగ్గా అరగదీసినా అంచు కోణం రాదు. లావు ఆకురాయి అయితే అంచు మొండిగా నిలబడుతుంది. సన్నదైతే కిందికి దిగి కొక్కెంలా తొలిచేస్తుంది. అలాంటి అంచు మొదట్లో బ్రహ్మాండంగా కోసి, కాసేపట్లోనే చస్తుంది.

1. బార్‌ని వైస్‌లో బిగించండి. పొలంలో అయితే మొద్దుకి ఒక గాటు కోసి అందులో బార్‌ని దిగ్గొట్టండి. చైను కదలకుండా కొంచెం బిగువు పెంచండి.
2. అన్నిటికంటే పొట్టిగా అరిగిన పన్నును వెతికి మార్కర్‌తో గుర్తు పెట్టండి. మొదలు పెట్టేది దానితోనే, మిగతా పళ్ళన్నీ ఆ పొడవుకే రావాలి.
3. ఆకురాయిని పన్ను పై రేకుకి 30 డిగ్రీల కోణంలో పట్టండి. చాలా చైన్ల మీద ఆ కోణం చూపే గీత ఉంటుంది. ఆకురాయి మందంలో ఐదో వంతు పన్ను పై అంచుకి పైన కనపడాలి.
4. పన్ను లోపలి వైపు నుంచి బయటికి తోయండి. వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తి తీసుకురండి. రెండు వైపులా రాస్తే ఆకురాయి పళ్ళే ముందు పోతాయి.
5. ప్రతి పన్నుకీ లెక్కగా ఒకే బలంతో అన్నే లాగులు. మామూలు అరుగుదలకి మూడు నాలుగు చాలు.
6. ఒక వైపు పళ్ళన్నీ అయ్యాక మిషన్ తిప్పి రెండో వైపు పట్టండి. కుడిచేతి వాటం ఉన్నవాళ్ళకి ఒక వైపు చెయ్యి బాగా ఆడుతుంది, రెండో వైపు కోణం తెలియకుండానే మారిపోతుంది. ఆకురాయి గైడ్ కొనుక్కోవడం అందుకే మంచిది.

ఎండిపోయిన గట్టి కర్ర రోజూ కోసేవాళ్ళు 30కి బదులు 25 డిగ్రీలు పెట్టుకుంటే అంచు ఎక్కువసేపు నిలుస్తుంది, వేగం కొంచెం తగ్గుతుంది. దుంగను నిలువునా చీల్చి పలకలు తీయాలంటే 10 డిగ్రీలు.

పై రేకు పొడవు 4 మి.మీ.కి దిగితే చైను మార్చేయాలి. కొన్ని చైన్ల మీద ఆ హద్దు చూపే గీతే ఉంటుంది.

డెప్త్ గేజ్

పన్నుకి ముందున్న చిన్న మిట్టే డెప్త్ గేజ్. మనవాళ్ళు రేకర్ అని కూడా అంటారు. పన్ను ఒక్కసారికి ఎంత చెక్క తినాలో అదే నిర్ణయిస్తుంది. పన్ను పై రేకు వెనక్కి వాలుగా ఉంటుంది కాబట్టి పదును పెట్టిన కొద్దీ అంచు కిందికి దిగుతుంది, మిట్ట మాత్రం అక్కడే ఉంటుంది. మంచి పదునున్నా పొడే రాలుతుండటానికి కారణం ఇదే. మూడు నుంచి ఐదు సార్లు పదును పెట్టాక ఒకసారి గేజ్ పలక (మిట్ట ఎత్తు కొలిచే, గాడి ఉన్న చిన్న రేకు) పెట్టి చూడండి. ఎక్కువ చైన్లకి కోత అంచు కంటే మిట్ట 0.65 మి.మీ. కిందుండాలి. పలక గాడిలోంచి పైకి పొడుచుకొచ్చిన మేరకు చదును ఆకురాయితో తీసేసి, ముందు మూలను మునుపటిలా గుండ్రంగా చేయండి.

దీన్ని కావాలని బాగా దించేసి 'ఇప్పుడు తింటోంది చూడు' అనేవాళ్ళున్నారు. అది ప్రమాదంతో ఆట. చైను చెక్కను కరిచిపట్టి మిషన్‌ని ఊపేస్తుంది, క్లచ్ జారుతుంది, కొనభాగం తగిలితే ఎదురుతన్ను గట్టిగా ఉంటుంది. దించిన మిట్టను మళ్ళీ పైకి తేలేం. పళ్ళన్నీ అరగదీసి దానికి సరిపెట్టాలి, లేదా చైను పారేయాలి.

కోత వంకర పోతుంటే

నిలువుగా మొదలెట్టిన కోత సగానికి వచ్చేసరికి ఒక పక్కకి లాగి, బార్ ఇరుక్కుంటుంది. ముఖ్యమైన కారణాలు రెండు. ఒక వైపు పళ్ళు రెండో వైపు కంటే మొండిగానో పొట్టిగానో ఉండటం ఒకటి. అప్పుడు కోత పదునున్న వైపుకి లాగుతుంది. రెండోది బార్ అంచులు ఒకటి ఎత్తు, ఒకటి పల్లం కావడం.

ఏదో తేల్చుకోవడం తేలిక. బార్‌ని తిరగేసి, అంటే పై అంచు కిందికి వచ్చేలా బిగించి, అదే చైనుతో మళ్ళీ కోయండి. వంకర దిశ మారినా, పోయినా తప్పు బార్‌ది. అదే వైపు లాగితే చైనుది.

బార్‌ని ఇలా తిరగేయడం ఎలాగూ అలవాటు చేసుకోవాల్సిన పనే. పదును పెట్టినప్పుడల్లా తిప్పితే రెండు అంచులూ సమంగా అరుగుతాయి. అంచు వెంబడి బయటికి మడిచినట్టు మొలిచే సన్నని ఇనుప చీలికని చదును ఆకురాయితో తీసేయండి, వేలికి గట్టిగానే కోసుకుంటుంది. అంచులు ఎగుడుదిగుడుగా ఉంటే బార్‌ని వైస్‌లో నిలబెట్టి చదును ఆకురాయిని అడ్డంగా, సరిగ్గా 90 డిగ్రీల్లో లాగి సమం చేయొచ్చు. చైనును బార్ మీద పెట్టి పక్కలకి కదిపి చూడండి. బాగా వాలిపోతుంటే గాడి వెడల్పైపోయినట్టు. డ్రైవ్ లింకుల (చైను కింద గాడిలోకి దిగే లింకుల) కొనలు గాడి అడుగుకి తాకుతున్నా బార్ ఆయుష్షు తీరిపోయినట్టే, ఆ రెంటికీ రిపేరు లేదు. ఒక చోట నీలం రంగు తిరిగి ఉంటే అక్కడ ఆయిల్ లేక ఇనుము కాలింది.

ఆయిల్ అందుతోందా: పరీక్ష

ఆయిల్ ట్యాంకు నింపండి. బార్ కొనను పాత పేపరుకో, తెల్లగా చెక్కిన మొద్దుకో 20 సెం.మీ. ఎత్తున పట్టుకుని, ముప్పావు రేసు మీద ఒక నిమిషం నడపండి. కింద స్పష్టంగా ఆయిల్ గీత పడాలి. పడకపోతే ఆయిల్ చాలడం లేదు.

రోజువారీ పనిలో ఇంకో కొలమానం ఉంది. పెట్రోల్ ట్యాంకు ఒకటి ఖాళీ అయ్యేసరికి ఆయిల్ ట్యాంకు కూడా దాదాపు అయిపోవాలి, అడుగున కొంచెం మిగలాలి. సగానికి పైగా అలాగే ఉందంటే దారిలో అడ్డు ఉంది. పెట్రోల్ కంటే ముందే ఆయిల్ అయిపోతోందంటే మిషన్ అడుగున ఉండే ఆయిల్ స్క్రూ ఎక్కువ తెరిచి ఉంది, లేదా ఎక్కడో కారుతోంది. పెట్రోల్ పోసిన ప్రతిసారీ ఆయిల్ కూడా నింపడం వదలకండి.

ఆయిల్ తగ్గిందనగానే అడుగున ఉన్న స్క్రూ తిప్పడం తొందరపాటు. అది పంపు ఎంత పంపాలో చెప్పే స్క్రూ, మూసుకున్న దారిని తెరవదు. ముందు ఇవి చూడండి.

సైడ్ కవర్, చైను, బార్ తీసేయండి. కవర్ లోపల, బార్ ఆనే చదును దగ్గర ముద్దకట్టిన పొట్టునంతా గీకి బ్రష్‌తో తుడవండి. ఇంజిన్ బాడీ మీద, బార్ స్టడ్ల దగ్గర ఒక చిన్న రంధ్రమో, గాడిలాంటి చీలికో కనిపిస్తుంది. ఆయిల్ బయటికి వచ్చేది అక్కడే. బార్ మడమ (మిషన్‌కి బిగించే వెనక భాగం) దగ్గర దానికి ఎదురుగా ఇంకో చిన్న రంధ్రం ఉంటుంది. అది గాడిలోకి తెరుచుకుంటుంది. ఎక్కువసార్లు మూసుకుపోయేది ఈ బార్ రంధ్రమే. సన్నని బైండింగ్ వైరు గుచ్చి అటు గాడిలోకి వచ్చేదాకా తోయండి. తిరగేసి బిగించేందుకు రెండో వైపున కూడా ఇంకో రంధ్రం ఉంటుంది, దాన్నీ శుభ్రం చేయండి. తర్వాత హ్యాక్‌సా బ్లేడు ముక్కతో గాడి మొత్తం, కొన వైపు నుంచి మడమ వరకు, గీకి తీసేయండి. వేప, తుమ్మ జిగురు పట్టిన చైను అయితే రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టి బ్రష్‌తో రుద్ది, ఆరాక ఆయిల్ పట్టించండి.

ఇప్పుడు బార్, చైను లేకుండానే ప్లగ్ క్యాప్ పెట్టి స్టార్ట్ చేసి, కొంచెం రేస్ చేసి ఓ అర నిమిషం ఆ రంధ్రాన్ని చూడండి. కొన్ని మిషన్లలో క్లచ్ డ్రమ్ తిరిగితేనే పంపు ఆడుతుంది కాబట్టి స్లో మీద చూసి రాలేదనుకోవద్దు. డ్రమ్ బయటికి తెరుచుకుని ఉంటుంది. వేళ్ళు, గుడ్డ, లుంగీ అంచు దరిదాపుల్లోకి రానివ్వొద్దు.

రంధ్రం దగ్గర ఆయిల్ ఊరుతుంటే పంపు బాగానే ఉంది. అడ్డు బార్‌లోనే, లేదా వేరే మిషన్‌కి చెందిన బార్ బిగించడం వల్ల రెండు రంధ్రాలూ ఎదురెదురుగా రావడం లేదు. మార్కెట్లో దొరికే బార్‌లు స్టడ్లకి సరిపోయినంత మాత్రాన ఆయిల్ రంధ్రానికీ సరిపోవు. కొనేటప్పుడే పాత బార్‌ని మీద పెట్టి చూసుకోండి.

ఆయిల్ ఊరకపోతే ట్యాంకు మూత కాస్త వదులు చేసి మళ్ళీ చూడండి. అప్పుడు వస్తే గాలి లోపలికి పోయే దారి మూసుకుంది. ట్యాంకులోంచి ఆయిల్ పోయిన కొద్దీ లోపలికి గాలి రావాలి, లేకపోతే పంపు లాగలేదు. ఆ చిన్న వాల్వును పెట్రోల్‌తో కడిగి ఊదండి, కుదరకపోతే మార్చండి.

మూత వదులు చేసినా రాకపోతే తీగను కొక్కెంలా వంచి ట్యాంకులోంచి ఆయిల్ ఫిల్టర్‌ని బయటికి లాగండి. పొట్టు, మట్టి పట్టి ఉంటే కడిగి పెట్టండి. ట్యాంకును కూడా కాస్త పెట్రోల్ పోసి గిలకొట్టి పారబోయండి. మూత చుట్టూ తుడవకుండా తెరవడం వల్లే ఈ మట్టంతా లోపలికి పోతుంది. ఫిల్టర్‌కి తగిలించిన రబ్బరు గొట్టాన్ని వంచి చూడండి, చీలిక ఉంటే పంపు ఆయిల్‌కి బదులు గాలి లాగుతుంది.

ఇవన్నీ బాగుంటే మిగిలింది పంపు, దాన్ని తిప్పే వార్మ్ గేర్. క్లచ్ విప్పితే గేర్ కనిపిస్తుంది. చాలా మిషన్లలో అది ప్లాస్టిక్‌ది. చైన్ బ్రేక్ వేసి ఉండగానే రేస్ ఇస్తే క్లచ్ కాలి, పక్కనున్న ఈ గేర్ పళ్ళు కరిగిపోతాయి. కొత్త గేర్ వేసేముందు పంపు పిస్టన్ చేత్తో తేలిగ్గా తిరుగుతోందో లేదో చూడండి. బిగుసుకున్న పంపు మీద కొత్త గేర్ వేస్తే అదీ అరిగిపోతుంది. క్లచ్ విప్పేటప్పుడు మరలు చాలా మిషన్లలో ఎడమ మరలు, అంటే మామూలుకి వ్యతిరేకం. క్లచ్ మీద బాణం గుర్తు చూసి తిప్పండి.

దారంతా తెరుచుకున్నాక కూడా గీత పలచగా పడితేనే స్క్రూ. పక్కనున్న ప్లస్, మైనస్ గుర్తు చూసి పావు చుట్టు చొప్పున తిప్పి, ప్రతిసారీ కాగితం పరీక్ష చేయండి. 22 అంగుళాల బార్‌తో ఎండు కర్ర కోసేవాళ్ళకి ఎక్కువ కావాలి, 16 అంగుళాలతో పచ్చి కొమ్మలు కోసేవాళ్ళకి తక్కువ చాలు. చిన్న మిషన్లు కొన్నిట్లో ఈ స్క్రూయే ఉండదు.

రాత్రి షెడ్డులో పెట్టిన మిషన్ కింద పొద్దున కొంచెం ఆయిల్ కనిపిస్తే కంగారు పడొద్దు. బార్‌లో, పొట్టులో మిగిలింది కారింది. ట్యాంకు సగం ఖాళీ అవుతుంటే మాత్రం గొట్టం చీలి ఉంటుంది, లేదా పంపు సీలు పోయి ఉంటుంది.

ఏ ఆయిల్ పోయాలి

బార్ ఆయిల్‌లో జిగట కోసం మందు కలుపుతారు. ఆ జిగట వల్లే బార్ కొన చుట్టూ తిరిగేటప్పుడు చైను మీద ఆయిల్ చిమ్మిపోకుండా నిలుస్తుంది. దొరక్కపోతే కొత్త ఎస్‌ఏఈ 30 ఇంజిన్ ఆయిల్, మండు వేసవిలో ఎస్‌ఏఈ 40 పోసుకోవచ్చు. చిమ్మడం ఎక్కువ కాబట్టి కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది. అరకులోనో, ఆదిలాబాద్‌లోనో చలికాలం పొద్దున్నే చిక్కటి ఆయిల్ కదలదు. అక్కడ పలచటిది పోయండి, లేదా కాసేపు ఎండలో పెట్టి మొదలెట్టండి.

మెకానిక్ షెడ్డులో ఊరికే వచ్చే కాలిన ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు. అందులోని మసి, ఇనుప రజను పంపు పిస్టన్‌ని గీరేస్తాయి. చర్మానికీ హాని. తోటలో కోస్తే అదంతా మట్టిలోకే పోతుంది. సోయా, సన్‌ఫ్లవర్ లాంటి వంట నూనెలు కోసేటప్పుడు బాగానే పనిచేస్తాయి, కానీ వాడక మిషన్‌ని వారం పదిరోజులు పక్కన పెడితే చైను లింకుల్లో, పంపులో బంకలా గట్టిపడతాయి. వాడితే అదే రోజు ట్యాంకు ఖాళీ చేసి, కాస్త మామూలు ఆయిల్ పోసి రెండు నిమిషాలు నడిపి పెట్టాలి.

కొబ్బరి, తాటి, ఇసుక

2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టింది. అలా పడిన చెట్ల మీద పనిచేసేటప్పుడు చైను పదును ఇట్టే పోతుంది. కొబ్బరి పీచులో సిలికా ఉంటుంది, తాటి మాను బయటి పొర మరీ గట్టి. వీటికి తోడు నేల మీద పడిన మానుకి ఇసుక పట్టి ఉంటుంది. కోసే చోట చీపురుతోనో, గొడ్డలితో పై పొర చెక్కో శుభ్రం చేసుకుని కోయండి. మానుని మూడొంతులు కోశాక దొర్లించి మిగతాది పై నుంచి కోయండి. చైను నేలని ఒక్క క్షణం తాకినా పళ్ళ మూలలన్నీ ఒకేసారి పోతాయి. రెండు మూడు పదును చైన్లు సంచీలో పెట్టుకుని వెళ్ళడం మేలు, చెట్టు దగ్గర కూర్చుని ఆకురాయి పట్టడం కంటే మార్చుకోవడం త్వరగా అవుతుంది. టేకులో కూడా సిలికా ఉంటుంది. రోడ్డు పక్క చెట్లకి బోర్డులు కొట్టిన మేకులు లోపలే ఉండిపోతాయి. బెరడు మీద నల్లటి మరక కనిపిస్తే ఆ చోటు వదిలి కోయండి.

తునకలు బాగుండీ ఇంజిన్ మొరాయిస్తే

కోతలో ఇంజిన్ రేసు తగ్గకుండానే చైను ఆగుతుంటే క్లచ్ జారుతోంది. ఇంజినే గొంతు పట్టినట్టు పడిపోతుంటే ఎయిర్ ఫిల్టర్, పెట్రోల్ ఫిల్టర్, సైలెన్సర్ నోటి దగ్గర జాలీ శుభ్రం చేయండి. నెల దాటిన కలిపిన పెట్రోల్ పారబోసి కొత్తది పోయండి. లీటరు పెట్రోల్‌కి 25:1 అయితే 40 మి.లీ., 50:1 అయితే 20 మి.లీ. టూటీ ఆయిల్. ఏది అనేది మిషన్ పుస్తకంలోది పాటించండి. కార్బురేటర్ స్క్రూలు ఆఖరున.

కొత్త చైను కొనేటప్పుడు

బార్ మడమ మీద పిచ్, గేజ్ (డెప్త్ గేజ్ కాదు, గాడిలో దిగే లింకుల మందం, అంగుళాల్లో), డ్రైవ్ లింకుల సంఖ్య చెక్కి ఉంటాయి. మూడూ కలవాలి. 58 సీసీ మిషన్ల 20 అంగుళాల బార్‌కి సాధారణంగా .325 పిచ్, .058 గేజ్, 76 లింకులు. 'ఇరవై అంగుళాల చైను' అని అడిగి తెచ్చుకుంటే ఏదో ఒకటి తప్పుతుంది; .050 గేజ్ చైను ఆ గాడిలో అటూ ఇటూ వాలుతూ వంకర కోస్తుంది.

చైనును తిప్పే పళ్ళ చక్రం, అంటే స్ప్రాకెట్, పళ్ళ మీద చైను చేసిన గాట్లు 0.5 మి.మీ. లోతు దాటితే చైనుతోపాటు దాన్నీ మార్చండి, లేకపోతే కొత్త చైను లింకులు త్వరగా సాగిపోతాయి. రెండు చైన్లు కొని మార్చి మార్చి వాడితే స్ప్రాకెట్‌తో సమంగా అరుగుతాయి. కొత్త చైనును రాత్రంతా బార్ ఆయిల్‌లో నాననిచ్చి ఎక్కించండి. రెండు మూడు నిమిషాలు సగం రేసు మీద ఊరికే తిప్పి, ఆపి, చల్లారాక బిగువు చూడండి. మొదటి గంటలో ఇంకా రెండు మూడు సార్లు వదులవుతుంది, అప్పుడప్పుడూ ఆగి సరిచేసుకుంటూ ఉండండి.